అరిగిపోయిన ముద్ర

18వ శతాబ్దంలో లండన్‌లో తయారైన వెండి టీ కూజాను తిరగేస్తే అడుగున చిన్న చిన్న ముద్రలుంటాయి. నడిచే సింహం అంటే 92.5 శాతం వెండి. చిరుత తల అంటే లండన్‌లో పరీక్ష జరిగిందని. ఒక అక్షరం ఏడాదిది, రెండు పొడి అక్షరాలు కంసాలివి. అందరికీ కనబడే చోట మాత్రం యజమాని వంశచిహ్నం ఉంటుంది. కంసాలి గుర్తును గౌరవంతో కొట్టలేదు. కల్తీ జరిగితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి చట్టం కొట్టించింది. భర్త పోయాక 1761లో తన ముద్ర నమోదు చేయించుకున్న హెస్టర్ బేట్‌మన్‌కు చదువు రాదు. ఈనాడు ఆమె పొడి అక్షరాలుంటే వేలంలో ధర పెరుగుతుంది.

కూజా చేసేటప్పుడు సుత్తి దెబ్బలకు వెండి రేకు గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చి మెత్తబరచి మళ్లీ కొట్టాలి. చివరికి ఆ దెబ్బల గుర్తులనూ సన్నని దెబ్బలతో చదును చేయాలి. చేసిన చాకిరీ ఎక్కడా కనబడకపోతేనే అది పనితనం!

1689లో యుద్ధ ఖర్చుల కోసం ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ వెర్సాయిలోని వెండి సామానును కరిగించాడు. ఆస్థాన చిత్రకారుడు లెబ్రన్ గీసిన నమూనాలు, కంసాలుల ఏళ్ల శ్రమ మూసలో పడ్డాయి. చివరికి లెక్కకొచ్చింది తూకమే. యజమాని ప్రేమించింది అందాన్నా, అవసరానికి అక్కరకొచ్చే లోహాన్నా?

గాలిలోని గంధకపు వాయువులకు వెండి నల్లబడుతుంది. అందుకే పెద్దిళ్లలో వెండి ఉండటమే హోదా కాదు, దాన్ని నిత్యం తెల్లగా ఉంచే చేతులు ఇంట్లో ఉండటం హోదా. ఇంగ్లండులో నౌకర్లు ఎర్రటి రూజ్ పొడిని ఉత్త చేతులతో పాత్రలకు రుద్దేవారు. తోమిన ప్రతిసారీ వెండి రవ్వంత అరుగుతుంది. తరాలు గడిచేసరికి సింహమూ, అక్షరాలూ మసకబారుతాయి.

అన్యాయపు బల్ల మీద పెట్టినంత మాత్రాన కూజా వంపులోని అందం అబద్ధమవుతుందా? కాదనే నమ్ముతాను. ఆ వంపు కొన్నవాడిది కాదు, కొట్టినవాడిది. మరి తోమినవాళ్ల మాటేమిటి? ముద్ర అరిగితే సేకర్తలు లోపమంటారు, ధర తగ్గిస్తారు. ఆ పాత్ర మీద నౌకర్లు మిగిల్చిన ఆనవాలు ఆ అరుగుదలే కదా! మ్యూజియం చీటీ మీద కంసాలి పేరు, వంశం పేరు రాసేవాళ్లు ఈ మాట కూడా ఎందుకు రాయకూడదు? చాలా పెద్దిళ్ల జీతాల పద్దుల్లో ఆ నౌకర్ల పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.