తొలి 'యెస్' ఎవరి మాట మీద?

విండోస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని లినక్స్ సర్వర్లను చూసుకోవడం నా ఉద్యోగం. పవర్‌షెల్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ నడిపితే రెండు ఫైళ్లు పుడతాయి. రహస్య కీ నా దగ్గరే ఉంటుంది. పబ్లిక్ కీని సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైలులో చేరుస్తాను. ఆ ఫైలున్న ఫోల్డరుకు 700, ఫైలుకు 600 అనుమతులిస్తాను. ఇక రహస్యం నా గడప దాటదు. దానితో చేసిన సంతకమే నేనెవరో రుజువు చేస్తుంది.

మరి ఆ సర్వర్ ఎవరో నాకు రుజువు చేసేదెవరు? తొలిసారి కలిసినప్పుడు తెర మీద దాని కీ వేలిముద్ర చూపి, నమ్ముతావా అని అడుగుతుంది. చాలామంది యెస్ కొట్టేస్తారు. మీమాంసా దార్శనికుడు కుమారిలభట్టు తప్పుపట్టడేమో. జ్ఞానం స్వతఃప్రమాణం, దాన్ని కాదనే బాధకం ఎదురయ్యేదాకా నమ్మవచ్చంటుంది ఆయన మీమాంస. ఇక్కడ బాధకమూ ఉంది: తర్వాతెప్పుడైనా వేలిముద్ర మారితే హెచ్చరిక వస్తుంది.

న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుడు ఒప్పుకోడు. ప్రామాణ్యం మరో ఆధారంతో తేలాలంటాడు. అతని వాదంలో పస ఉంది. మొదటి రోజే మధ్యలో మోసగాడు దూరితే మనం గుర్తుంచుకునేది వాడి వేలిముద్రనే. వాడు అక్కడే ఉన్నంతకాలం ఏ హెచ్చరికా రాదు.

అందుకే ప్రయోగాల యంత్రానికి నేను మీమాంసకుణ్ణి, జీతాల లెక్కలున్న సర్వర్‌కు నైయాయికుణ్ణి. కన్సోల్ దగ్గరున్న సహోద్యోగికి ఫోన్ చేసి వేలిముద్ర సరిచూసుకుంటాను. అయితే ఆ గొంతును నమ్మింది ఏ ప్రమాణంతో? ఆప్తవాక్యమనే. నమ్మకం ఎక్కడో ఒకచోట మొదలుకాక తప్పదు; ఎవరి దగ్గర మొదలుపెట్టాలన్నదే మన చేతిలో ఉంది.