నేర్చుకొను మనస్సు

ఒకే పనిశాలలో, ఒకే యజమానుని క్రింద ఇద్దరు పదేండ్లు పనిచేయుదురు. ఒకడు ఆ పనిలో ఆరితేరును. మరియొకడు మొదటి యేట నేర్చినదానినే పదేండ్లును తిరిగి తిరిగి చేయును. నేర్పినవాడొక్కడే, పనిముట్లును అవే. ఈ భేదమెక్కడనుండి వచ్చెను?

ఇంగ్లండు దేశములో 1791లో ఒక బీద కమ్మరికి మైకేలు ఫారడే అను కుమారుడు పుట్టెను. అతని బడి చదువు కొద్దిగానే సాగెను. 1805లో, పదునాలుగేండ్ల ప్రాయమున, లండనులో పుస్తకములు బైండు చేయు రీబో అను నతనియొద్ద ఏడేండ్ల ఒప్పందముమీద పని నేర్చుకొనుటకు చేరెను. కాగితములు కుట్టి అట్టవేయుటే అతని పని. లోపలి సంగతులు తెలిసికొనవలెనని ఎవరును అడుగలేదు. అయినను ఫారడే తన చేతికి వచ్చిన పుస్తకములను చదివెను. విద్యుచ్ఛక్తినిగూర్చి చదివినదానిని చేతనైనంత మట్టుకు స్వయముగా చేసి చూచెను. 1812లో హంఫ్రీ డేవీ అను శాస్త్రవేత్త ప్రసంగములు విని, వ్రాసుకొనినదానిని తానే బైండు చేసి ఆయనకు పంపెను. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆయనకు సహాయకుడాయెను. 1831లో ఫారడే కనుగొనిన సూత్రముమీదనే నేడు మన విద్యుత్ కేంద్రములలో జనరేటర్లు తిరుగుచున్నవి.

అట్లయిన, నేర్చుకొననివాని తప్పంతయు అతని మనస్సుదేనా? కాదు. రీబో తన కొట్టులో ఆ బాలుని చదువుకొననిచ్చెను. డేవీ ప్రసంగములకు టిక్కెట్లు ఇచ్చినవాడు ఆ కొట్టుకు వచ్చిపోవు ఒక పెద్దమనిషి. ప్రశ్న అడిగినవానిని గద్దించు యజమానుడు, పనివాడు నేర్చుకొనలేదని నిందించుట న్యాయము కాదు. పొరపాటు ఒప్పుకొనినవానికి జీతము కోయుచోట పొరపాట్లు దాగును. దాగినదానిని ఎవడును దిద్దలేడు.

"నాకిచ్చు కూలికి ఇంతే చాలును" అని నీవనవచ్చును. కూలి చాలనియెడల ఎక్కువ అడుగుట నీ హక్కు, అడుగుము. కాని ఆ కోపమున నేర్చుకొనుట మానినయెడల ఎక్కువ నష్టము నీకే. కూలి సాయంకాలమునకు ఖర్చగును. నేర్చినది నీతోకూడ ఇంటికి వచ్చును. ఆ పనిశాల మూతపడినను నిన్ను విడువదు.

గనుక రేపు పనికి పోవునప్పుడు "ఇదంతయు నాకు తెలియును" అను మాటను గడప బయటనే విడిచిపెట్టుము. "దీనిని ఏల ఇట్లు చేయుచున్నాము?" అని ఒక్కసారి అడిగి చూడుము. నీ చేతిక్రింద పనిచేయు చిన్నవాడు అదే ప్రశ్న నిన్నడిగినప్పుడు కసరక, కూర్చుండబెట్టి చెప్పుము.