వినికిడి – వైయావృత్యము

తొండేభావి వంటి ఊరిలో, అంగడి గల్లా యొద్ద కూర్చున్న తాతగారిని మనుమడు పిలుచును. రైలు కూత, బేరముల సందడి, టీవీ మోత. పెద్దాయన తల యెత్తును; మాట మాత్రము అందదు. “ఎన్నిసార్లు చెప్పాలి తాతా?” అని మనుమడు కసరును.

ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున మతిజ్ఞానమునకు నాలుగు మెట్లు చెప్పిరి. శబ్దము చెవి సోకుట అవగ్రహము. అదేమియని విచారించుట ఈహ. ఇదియేయని నిశ్చయించుట అవాయము. మనస్సున నిలుపుకొనుట ధారణ. 1906లో జర్మనీ వైద్యుడు ఆల్జైమర్ వెల్లడించిన మతిమరపు రోగమున, చెవి వినుచున్నను పై మెట్లు సడలును. సందడిలో మాటను వేరుపరచుకొనుట మరింత కష్టము. చెవుడు తోడైనచో బాధ రెట్టింపగును. కావున ముందుగా చెవులను వైద్యునికి చూపవలెను. అవసరమైనచో వినికిడి యంత్రము పెట్టించవలెను.

మేఘము సూర్యుని కప్పునే గాని ఆర్పదు. జ్ఞానావరణ కర్మమును అట్టిదే. లోపలి ఆత్మ చెడలేదు. టీవీ ఆపి, ఎదుట కూర్చుండి, చిన్న మాటలు ఒక్కొక్కటిగా మెల్లగా పలికి, జవాబుకై వేచియుండుడు. అదియే భాషాసమితి. వృద్ధులకు, రోగులకు చేయు సేవ వైయావృత్యము. అది అంతరంగ తపస్సు. పర్యూషణమున ఎనిమిది దినములు ఉపవసించి ఇంటి పెద్దను కసరినచో ఆ తపస్సునకు ఫలమేమి? సంవత్సరీ నాడు “మిచ్ఛామి దుక్కడం” అని మొట్టమొదట పలుకవలసినది ఆ తాతగారి ఎదుటనే. ఆయనకు అర్థము కాకున్నను, పలికినవారి మనస్సు శుద్ధియగును.