వేలంవెర్రి ఎందుకు వస్తుంది, ఎందుకు పోతుంది?

2017లో మన పిల్లలు వేలి మీద తిప్పిన స్పిన్నర్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? అటక మీదో, పాత సామాన్ల డబ్బాలోనో ఉంటాయి. అవి విరిగిపోలేదు, వాటి గుణమూ మారలేదు. మరి మారిందేమిటి?

ఉర్దూ కవిత్వంతో పరిచయం ఉన్నవారికి 'లాలా' పువ్వు తెలిసే ఉంటుంది. తుర్కీలు 'లాలే' అని పిలిచే తులిప్ పువ్వు 16వ శతాబ్దంలో ఉస్మానియా రాజ్యం నుండి ఐరోపాకు చేరింది. హాలెండ్‌లో దాని దుంపల కోసం జనం ఎగబడ్డారు. 1636-37 శీతాకాలంలో, ఇంకా నేలలోనే ఉన్న దుంపలను కంటితో చూడకుండానే, వట్టి మాట మీద, కాగితాల మీద ఒకరి నుండి ఒకరు కొన్నారు. డచ్చివారే దానిని 'గాలి వ్యాపారం' అన్నారు. 1637 ఫిబ్రవరిలో హార్లెమ్ పట్టణంలో కొనేవారు వెనుకంజ వేశారు. చూస్తుండగానే ధరలు కూలిపోయాయి. జనాన్ని మురిపించిన ఆ పువ్వుల చారలు మొక్కకు సోకిన వైరస్ తెగులు వల్ల ఏర్పడినవని 20వ శతాబ్దంలో తేలింది!

ఎక్కడో జరిగిన పాత కథ అనుకోకండి. మన ఆంధ్ర ప్రాంతంలో, తమిళనాడులో ఈము పక్షుల పెంపకం ఇలాగే సాగింది. మాంసానికి, నూనెకు చెప్పుకోదగిన మార్కెట్ లేదు. కొత్తగా పెంపకం మొదలుపెట్టేవారికి పిల్లలను అమ్మడమే లాభమైంది. కొత్తవారు రావడం ఆగగానే ఆ లాభమూ ఆగింది. 2012లో తమిళనాడులో ఈము పథకాలు కుప్పకూలాయి. అప్పులు చేసినవారు మునిగారు. మేత లేక మూగజీవాలు ఆకలితో అలమటించాయి.

వేలంవెర్రి మర్మం ఇదే. వస్తువు విలువ దాని ఉపయోగంలో గాక, ఇతరుల చూపులో ఉంటుంది. 'వాళ్ళకుంది, మనకు లేదు' అనే బాధే దానికి ప్రాణం. అందరికీ దొరికిన రోజున ఆ గొప్ప పోతుంది. కొనేవారు కరువైన రోజున ధర పోతుంది. అది ఎందువల్ల పెరుగుతుందో అందువల్లనే చస్తుంది.

అయితే కొత్తదల్లా వెర్రి కాదు. సెల్‌ఫోన్ కూడా ఒకనాడు మోజే. కాని ఎవరు చూసినా చూడకపోయినా అది పని చేసిపెట్టింది, అందుకే నిలిచింది.

తన వద్ద లేని వస్తువును అమ్మడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అనిశ్చితితో కూడిన బేరాన్ని, అంటే 'గరర్'ను, నిషేధించారు. హాలెండ్ కథ చదివితే ఆ ఆజ్ఞలోని వివేకం బోధపడుతుంది. అలాగే పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీకి పట్టిన గతిని గూర్చి కూడా ఆయన హెచ్చరించారు. ఆకలితో చచ్చిన ఈము పక్షుల లెక్క ఎవరు అప్పజెప్పాలి? 'అందరూ చేశారు, నేనూ చేశాను' అనే సమాధానం ప్రళయదినాన చెల్లుతుందా?

కనుక ఈసారి ఇంట్లో ఏదైనా కొత్త మోజు ప్రవేశించినప్పుడు పిల్లలను కసరకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి: "బాబూ, దీన్ని ఎవరూ చూడరని తెలిస్తే కూడా నీకు కావాలా?" పిల్లవాడిని అడిగే ముందు అదే ప్రశ్న మనల్ని మనం వేసుకుందాం. మన ఇళ్ళలో జరిగే పెళ్ళిళ్ళ ఖర్చులో ఎంత భాగం ఆ ప్రశ్నకు నిలబడుతుంది?