ఎన్నింట్లో అని అడుగు నాన్నా

ఏం నాన్నా, సగటు అడిగితే టకటకా కూడేసి భాగించి చెప్పేస్తావు. సంభావ్యత సూత్రం నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్తావు. నీ తెలివికేం లోటు లేదు, ఓపికకే లోటు. లెక్కలోకి దూకే ముందు ఒక్క నిమిషం ఆగి "ఎన్నింట్లో?" అని అడగవు. ఆ మాట నోటికి అలవాటైతే స్టాటిస్టిక్స్ సగం వచ్చినట్టేనని ఎన్నిసార్లు చెప్పాను! ఇంకోసారి చెప్తున్నా, విను.

ఫలితాలొచ్చాయంటే చాలు, పేపరు నిండా కోచింగ్ సెంటర్ల ర్యాంకుల ఫోటోలు. పాస్‌పోర్టు సైజు ముఖాలు, కింద హాల్‌టికెట్ నంబర్లు. ఆ పేజీ చూసి మీ అమ్మానాన్నా అప్పో సప్పో చేసి తమ్ముడికి ఫీజు కట్టడానికి సిద్ధమైపోతారు. చదువుకున్నదానివి, నువ్వే వాళ్లని కాస్త ఆపాలి. ఆ ముఖాలు ఎంతమందిలోంచి వచ్చాయి? ఆ సెంటర్లో చేరినవాళ్లెందరు, పరీక్ష రాసినవాళ్లెందరు? అది తెలియకుండా ముప్ఫై ఫోటోలైనా, మూడొందల ఫోటోలైనా ఏం చెప్పగలవు? పులుసు కలపకుండా పైపైన గరిటె ముంచి రుచి చూస్తే అడుగున ఉప్పెంతుందో తెలుస్తుందా! శాంపిల్ తీయడమూ అంతే, అడుగునుంచి కలిపి తీయాలి. అందులోకి వచ్చే అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. ఏరి పెట్టినవాళ్లని చూసి మిగతావాళ్ల సంగతి చెప్పలేం.

సగటు దగ్గరా నీకు ఇదే తొందర. ఒక చోట సగటు జీతం నెలకి 80,000 అన్నారనుకో. ఐదుగురి జీతాలు కాగితం మీద వేసి చూడు. 20,000, 22,000, 25,000, 28,000, ఐదో మనిషికి 3,05,000. మొత్తం నాలుగు లక్షలు, ఐదుతో భాగిస్తే సరిగ్గా 80,000. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఎనభై వేలు ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఆ ఐదుగురిలో ఒక్కరైనా ఉన్నారా? నలుగురికి ముప్ఫై వేలైనా లేవు. అందుకే జీతాలు వరసలో పెట్టి నడిమిది చూడమంటారు. ఇక్కడ అది 25,000. మధ్యగతం అని పదో తరగతిలోనే చదివావు, మార్కులు రాగానే మర్చిపోయావు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు సగటు చెప్పినవాళ్లని మధ్యగతం ఎంతో అడుగు. మర్యాదగానే అడుగు, కానీ అడుగు.

ఇవి పర్వాలేదు, సర్దుకోవచ్చు. నాకు అసలు భయం నీ వయసు పిల్లల చేతుల్లోని ఫోన్లంటే. క్రికెట్ పందేలు, పేకాట యాప్‌లు. వరసగా ఐదు సార్లు పోయింది, ఆరోసారి రాకుండా ఎక్కడికి పోతుందిలే అంటారు. నాణేనికి ఏమీ గుర్తుండదమ్మా. ఐదుసార్లు బొమ్మే పడినా, ఆరోసారి బొమ్మకీ బొరుసుకీ సగం సగమే.

"మరి ఎక్కువసార్లు వేస్తే సమానమవుతుందని పుస్తకంలో ఉందిగా" అంటావు. ఉంది, కానీ ఏం సమానమవుతుందో చూశావా? జాన్ కెరిచ్ అని దక్షిణాఫ్రికాలో లెక్కలు చెప్పే ఆయన ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో చిక్కుకుపోయి, నిర్బంధంలో ఉండగా నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి, పడింది పడినట్టు లెక్క రాయించారు. మొదటి పదిలో బొమ్మలు 4. వందలో 44. పదివేలలో 5,067. శాతం చూస్తే 40, 44, ఆపైన 50.67. సగానికి దగ్గరవుతూ వచ్చింది, నిజమే. ఇప్పుడు సగానికీ వచ్చినదానికీ తేడా లెక్కపెట్టు. పదిలో 1, వందలో 6, పదివేలలో 67. తేడా పెరిగింది! లెక్క సమం చేయాలని నాణెం పనిగట్టుకుని వేసింది లేదు. మొత్తం పెద్దదయ్యేసరికి ఆ తేడా అందులో చిన్నదిగా కనపడింది, అంతే. చిన్నదిగా కనపడటం వేరు, పోయింది తిరిగిరావడం వేరు. నీ జేబులోంచి పోయేది శాతాలు కావు, రూపాయలు. పైగా ఆడించేవాడు తన వాటా ముందే పక్కన పెట్టుకుంటాడు కాబట్టి, ఎంత ఎక్కువసార్లు ఆడితే అంత పోతుంది. ఇంట్లో తెలియకుండా లోన్ యాప్‌లో అప్పు, ఆ తర్వాత అమ్మ గాజులు తాకట్టుకి. ఈ దారిలోకి నువ్వు వెళ్లవని తెలుసు. నీ స్నేహితుల్లో ఎవరైనా వెళ్తుంటే నాణెం లెక్కలోని ఆ 1, 6, 67 కాగితం మీద వేసి చూపించు.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తా. ఇంట్లో ఎవరికైనా రిపోర్టు పాజిటివ్ వస్తే ఫోన్‌లో వెతికి ఏడుపు మొదలుపెట్టకు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు అనుకో. పరీక్ష జబ్బున్నవాళ్లని వదిలిపెట్టదు గానీ, లేనివాళ్లలో నూటికి ఐదుగురికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుందనుకో. వెయ్యిమందికీ చేస్తే నిజంగా ఉన్న ఒక్కరితో పాటు, లేనివాళ్లు యాభైమంది దాకా అందులో పడతారు. యాభై ఒక్క పాజిటివ్‌లలో జబ్బున్నది ఒక్కరికే. అలాగని అశ్రద్ధా చేయకూడదు. మనిషికి ముందే లక్షణాలుంటే ఈ లెక్క మారిపోతుంది, ఎందుకంటే అప్పుడు చూడాల్సింది ఆ వెయ్యిమందిలో కాదు, ఆ లక్షణాలున్నవాళ్లలో. షరతుతో కూడిన సంభావ్యత అని నువ్వు బట్టీ పట్టింది ఇదే. కాబట్టి రిపోర్టు పట్టుకుని ఆ మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఈ వయసులో, ఈ లక్షణాలతో పాజిటివ్ వచ్చినవాళ్లు పదిమంది ఉంటే ఎందరికి నిజంగా జబ్బు ఉంటుందండీ అని అడుగు. రెండో పరీక్ష అవసరమా, ఎప్పుడు చేయించాలి అన్నది అప్పుడు ఆయనే చెప్తారు.