అమ్మ చేతిలో జపమాల

ధర్మపురిలో గోదావరి మెట్ల మీద ఈ వీడియో తీస్తున్నప్పుడు మా కెమెరా తమ్ముడు తన ఇంటి గొడవ చెప్పిండు. వాళ్లది క్యాథలిక్ కుటుంబం. ఏటా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు పోయేటోళ్లు. పసితనంలోనే జ్ఞానస్నానం అయినా, పోయినేడు పెంతెకోస్తు సంఘంలో నీళ్లల్ల మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నడు. ఇప్పుడు అమ్మ జపమాల పట్టుకుంటే, "ఇది బైబిల్లో లేదు" అంటడట. ఆమె మాట్లాడుడు మానేసింది.

నాకు తప్పు పట్టబుద్ధి కాలేదు. నాలుగు ఉపనిషత్ ప్రవచనాలు వినంగనే మా నాయనమ్మతో "రాయికెందుకు మొక్కుతవ్" అన్నవాణ్నే నేను. సత్యం దొరికిందనుకున్న కొత్తల్లోనే నాలుక పదునెక్కుతది. ఆమె నన్ను గుడికి పిలుచుడు బంద్ చేసింది. ఒక్కతే వచ్చి, ఇక్కడే యమధర్మరాజు గుడిలో గండదీపంలో నూనె పోసేది. నా గండాలు పోవాలనే!

"నీ విశ్వాసం నీది తమ్ముడూ. జపమాల మాట ఎత్తకుండ, అన్నం తిన్నవా అమ్మా అని అడుగు."

ఫోన్ తీసిండు. సిగ్నల్ లేదు. మెట్లెక్కి పైకి పోయిండు.