‘ఇప్పుడు కాదు’, ‘నీకు కాదు’

పొద్దున్నే గోపన్‌పల్లి రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది, ఇక్కడ ఎంతమందికి కాళ్ళే జీవనాధారమో. తాపీ పనివాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు. వాళ్ళలో ఒకతనికి హెచ్ఐవీ ఉందనుకుందాం. జబ్బు బాగా ముదిరాక బయటపడింది. ఇప్పుడు తుంటి ఎముక తలకి రక్తం అందక అది లోపల్లోపలే కుంగిపోతోంది. అవాస్క్యులర్ నెక్రోసిస్. హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువ. గొంతుక్కూర్చోలేడు, మెట్లెక్కలేడు. కీలు మారిస్తే మళ్ళీ నడవగలడు.

"అంత ఖర్చు పెట్టి చేస్తే మాత్రం, ఎన్నాళ్ళు బతుకుతాడని?"

ఈ ప్రశ్నకి కాలం చెల్లింది. 2004 నుంచి మన దేశంలో ప్రభుత్వమే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. సీడీ4 కణాలు 200 కన్నా దిగువకి పడిపోయినవాళ్ళు కూడా మందులతో కోలుకుని ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. సరే, రెండేళ్ళే బతుకుతాడనుకుందాం. ఎనభై ఏళ్ళ నాయనమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే ఆపరేషన్ చేయిస్తాం కదా, ఆవిడ ఎన్నాళ్ళుంటుందని లెక్క వేస్తామా? అంటే మన అసలు ప్రశ్న ఆయుష్షు గురించి కాదు. ‘ఈ రోగం ఎలా తెచ్చుకున్నాడు’ అన్నది పైకి అనలేక ఖర్చు మాట ఎత్తుతున్నాం.

మరి డాక్టరు భయం? అది అబద్ధం కాదు. రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకే అవకాశం వెయ్యికి సుమారు మూడు. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మందులు వాడితే అది ఇంకా తగ్గుతుంది. రోగి పట్ల వివక్ష కూడదన్న 2017 నాటి హెచ్ఐవీ చట్టమే, సిబ్బందికి రక్షణ సామగ్రి, ఆ మందులు సమకూర్చే బాధ్యతని ఆసుపత్రి మీద పెట్టింది. భయపడే హక్కు డాక్టరుకుంది. ఆ భయానికి మూల్యం మాత్రం రోగి కాలు కాకూడదు.

ఆపరేషన్ వాయిదా వెయ్యడానికి న్యాయమైన కారణాలూ ఉంటాయి. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినప్పుడు కొత్త కీలుకి ఇన్ఫెక్షన్ పట్టే ప్రమాదం ఎక్కువ. ముందు మందులు, తర్వాత కత్తి అనడం వైద్యమే. కానీ ‘ఇప్పుడు కాదు’ వేరు, ‘నీకు కాదు’ వేరు. మొదటిది చికిత్స, రెండోది శిక్ష.

రెండూ ఒకే గొంతుతో, ఒకే మర్యాదతో వినిపించవచ్చు. తేడా తెలియాలంటే ఒకటే దారి: "మరి ఎప్పుడు?" అని అడగాలి. మొదటి మాట అన్నవాళ్ళ దగ్గర దానికి జవాబుంటుంది.